మౌంట్ రోడ్ (అన్నా సాలై): దారి, చరిత్ర – తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై వెళ్లే తెలుగువాళ్లకు మౌంట్ రోడ్ గురించి వచ్చే సందేహాలు ఎన్నేళ్లయినా అవే. అసలు పేరేమిటి, ఎక్కడ మొదలవుతుంది, ఆ గుర్రం మీద దొర ఎవరు, జెమినీ స్టూడియో ఏమైంది... అందుకే అన్నీ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాం కాబట్టి మీకు కావలసిన చోటి నుంచి చదువుకోవచ్చు. ఒక్క సంగతి మాత్రం మనసులో పెట్టుకోండి. చాలా నగరాల్లో ఊరు ముందు పుడుతుంది, పెద్ద వీధి తర్వాత వేస్తారు. ఇక్కడ దారే ముందు. కోటకూ కొండకూ మధ్య జనం నడిచిన బాట వెంట ఊరు తర్వాత పెరిగింది.

## ముందుగా దారి సంగతి

మౌంట్ రోడ్, అన్నా సాలై ఒకటేనా? ఏ పేరు చెప్పి అడగాలి?

ఒకటే. బోర్డుల మీద, ప్రభుత్వ కాగితాల మీద అన్నా సాలై అని ఉంటుంది. పాత చెన్నైవాసులు, ఆటోవాళ్లు ఇప్పటికీ మౌంట్ రోడ్ అనే అంటారు. ఏ పేరు చెప్పినా ఇబ్బంది లేదు. చిక్కంతా చిరునామా దగ్గరే. ఇక్కడి పెద్ద తపాలా కార్యాలయం పేరు అన్నా రోడ్ పోస్టాఫీసు, పిన్ కోడ్ 600002. కానీ రోడ్డు పొడవునా అదే పిన్ ఉండదు. తేనాంపేటకు వచ్చేసరికి 600018, సైదాపేటలో 600015. "అన్నా సాలై" అని మాత్రమే రాసుకుని బయల్దేరితే కిలోమీటర్ల కొద్దీ వెతుక్కోవాలి. పేట పేరు కూడా తప్పకుండా అడిగి రాసుకోండి.

అన్నా నగర్‌లో దిగితే అన్నా సాలై దగ్గరేనా?

కాదు. ఈ పొరపాటు వల్ల పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ ఆలస్యమైనవాళ్లు చాలామంది ఉన్నారు. అన్నా నగర్ నగరానికి పడమటి వైపున్న నివాస ప్రాంతం. 1968లో అక్కడ జరిగిన అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన తర్వాత అది ఊరుగా పెరిగింది. ఒకే నాయకుడి పేరు పెట్టుకోవడం తప్ప రెండింటికీ సంబంధం లేదు.

మౌంట్ రోడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

సెయింట్ జార్జి కోటకు దక్షిణాన, కూవం నది పాయల మధ్య ఉన్న దీవి మైదానం దగ్గర మొదలవుతుంది. అక్కడ గుర్రం మీద కూర్చున్న మన్రో విగ్రహాన్ని ఆరంభానికి గుర్తుగా పెట్టుకోవచ్చు. అక్కడి నుంచి పెరియార్ వంతెన మీదుగా కూవం దాటి నైరుతి దిశగా సాగుతుంది. ఎడమ చేతివైపు ట్రిప్లికేన్, రాయపేట. కుడి చేతివైపు చింతాద్రిపేట, ఆ తర్వాత నుంగంబాకం. థౌజండ్ లైట్స్ మసీదు, జెమినీ ఫ్లైఓవర్ దాటాక తేనాంపేట, నందనం వస్తాయి. సైదాపేట దగ్గర అడయారు నది దాటి, చిన్నమలై, గిండీ మీదుగా కత్తిపారా కూడలి చేరుతుంది. అన్నా సాలై పేరు అక్కడితో సరి.

రోడ్డు మాత్రం అక్కడ ఆగదు. ఒక దారి పూనమల్లి వైపు వెళ్తుంది. రెండోది జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్‌గా మారి విమానాశ్రయం, తాంబరం, చెంగల్పట్టు మీదుగా తిరుచ్చి వైపు సాగిపోతుంది.

పొడవెంత?

పది కిలోమీటర్ల పైచిలుకు. లెక్క కోట గుమ్మం నుంచి మొదలుపెడతారా, మన్రో విగ్రహం నుంచా అన్నదాన్ని బట్టి కాస్త తేడా వస్తుంది. పుస్తకాల్లో రకరకాల అంకెలు కనిపించడానికి కారణం అదే.

రైలు దిగి చెన్నై సెంట్రల్ నుంచి ఎలా వెళ్లాలి?

విమానాశ్రయం వైపు వెళ్లే నీలి మార్గం మెట్రో ఎక్కండి. సెంట్రల్ తర్వాత వచ్చే గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్ దగ్గరే మౌంట్ రోడ్ మీదికి వస్తారు. ఆ తర్వాత ఎల్‌ఐసీ, థౌజండ్ లైట్స్, ఏజీ–డీఎంఎస్, తేనాంపేట, నందనం, సైదాపేట స్టేషన్లన్నీ ఈ రోడ్డు కిందే ఉంటాయి. మీ పని ఏ పేటలో ఉందో తెలిస్తే ఆటో బేరం అవసరమే లేదు.

## బాటగా ఉన్న రోజులు

అసలు ఈ రోడ్డు ఎందుకు పుట్టింది?

1639–40లో ఈస్టిండియా కంపెనీ సముద్రపు ఒడ్డున కోట కట్టుకుంది. నైరుతి వైపున పరంగిమలై కొండ మీద అంతకు ముందే పోర్చుగీసువాళ్ల చర్చి ఉంది. కోటలోని వర్తకులు, సైనికులు, యాత్రికులు ఆ కొండకు వెళ్లివచ్చిన బండ్ల బాటే ఈ రోడ్డుకు మూలం. మధ్యలో చెరువులు, పొలాలు, సత్రాల మైదానం ఉండేవి.

పద్దెనిమిదో శతాబ్దంలో రెండు మార్పులు వచ్చాయి. కోటలో ఇరుకు భరించలేని కంపెనీ ఉద్యోగులు, డబ్బున్న వర్తకులు ఈ బాట పక్కన విశాలమైన తోట బంగళాలు కట్టుకోవడం మొదలుపెట్టారు. అవతలి చివర కొండ పాదాన సైనిక శిబిరం స్థిరపడింది. ఒకవైపు ఫిరంగి దళం, మరోవైపు కోట. మధ్య బాట మంచి రోడ్డుగా మారక తప్పలేదు. ఇప్పుడు ఈ రోడ్డు మీద పెద్ద పెద్ద ఆవరణలతో కనిపించే క్లబ్బులు, హోటళ్లు, ప్రభుత్వ కార్యాలయాల్లో చాలావాటికి ఆ తోట బంగళాల స్థలాలే ఆధారం.

'మౌంట్' అంటే ఏ కొండ? దాని ప్రత్యేకత ఏమిటి?

సెయింట్ థామస్ మౌంట్. తమిళంలో పరంగిమలై అంటారు. క్రీస్తు శిష్యుడైన తోమా క్రీ.శ. 72లో ఇక్కడే ప్రాణాలు విడిచాడని క్రైస్తవుల నమ్మకం. కొండ మీది చర్చిని పోర్చుగీసువాళ్లు 1523లో కట్టారు. గిండీకి ముందే వచ్చే చిన్నమలై కూడా తోమా తలదాచుకున్న గుహగా ప్రసిద్ధి పొందిన యాత్రాస్థలమే. ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. చిన్నమలై రోడ్డు పక్కనే ఉంటుంది. పరంగిమలై కత్తిపారా దాటాక వస్తుంది, మెట్లెక్కాలి.

హైదర్ అలీ ఈ దారిన వచ్చాడంటారు, నిజమేనా?

1769లో హైదర్ అలీ తన అశ్వదళంతో మెరుపులా వచ్చి సెయింట్ థామస్ మౌంట్ దగ్గర దిగాడు. కోటకూ ఆయనకూ మధ్య మిగిలింది ఈ రోడ్డే. కంపెనీ ప్రభుత్వం బెదిరిపోయి సంధికి ఒప్పుకుంది. మొదటి మైసూరు యుద్ధాన్ని ముగించిన మద్రాసు సంధి అదే. పదేళ్ల ముందు, 1759లో, ఫ్రెంచివాళ్లు కోటను ముట్టడించినప్పుడు కూడా ఈ కొండ దగ్గర పెద్ద పోరాటం జరిగింది. మద్రాసు భద్రత ఈ దారి మీద ఎంతగా ఆధారపడి ఉందో ఈ రెండు సంఘటనలతో కంపెనీకి బాగా తెలిసొచ్చింది.

సైదాపేట వంతెనను ఒక ఆర్మేనియా వర్తకుడు కట్టించాడా?

అవును. కోజా పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియా వర్తకుడు తన సొంత డబ్బుతో 1726లో అడయారు నది మీద వంతెన కట్టించాడు. అంతకు ముందు వానాకాలంలో నది పొంగితే కొండకు వెళ్లే యాత్రికులు ఒడ్డున ఆగిపోవలసిందే. పరంగిమలై మెట్లు కూడా ఆయన కట్టించినవే. నాకు ఈ రోడ్డు మొత్తం చరిత్రలో అన్నిటికన్నా గౌరవం కలిగించే పని ఇదే. ఊరిని ఏలినవాడు కాడు, ఈ గడ్డ మీద పుట్టినవాడు కాడు. జనం నది దాటాలని వంతెన వేశాడు.

మర్మలాంగ్ వంతెన అని పిలిచిన ఆ కట్టడం రెండు వందల ఏళ్లకు పైగా నిలిచింది. 1960లలో దాని స్థానంలో కొత్త వంతెన వచ్చింది. తమిళ పండితుడు మరైమలై అడిగళ్ పేరు పెట్టారు. ఉస్కాన్ పేరున్న పాత శిలాఫలకం మాత్రం మిగిలింది. 2015 డిసెంబరు వరదల్లో అడయారు పొంగి ఈ వంతెన మీద రాకపోకలు ఆగిపోయినప్పుడు, నగరం రెండు ముక్కలైనట్టయింది. మూడు వందల ఏళ్ల కిందట ఆ వంతెన ఎందుకు అవసరమైందో ఆ రోజుల్లో చెన్నై అంతటికీ అర్థమైంది.

భారతదేశాన్ని కొలిచే సర్వే ఇక్కడే మొదలైందంటారు?

సరైన మాటే. కర్నల్ విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర నుంచి దక్షిణాన పెరుంబాక్కం కొండ వైపు సుమారు పన్నెండు కిలోమీటర్ల ఆధారరేఖను గొలుసుతో కొలిచాడు. తర్వాతి దశాబ్దాల్లో హిమాలయాల దాకా సాగిన మహా త్రికోణమితి సర్వేకు అదే మొదటి కొలత. కొండ మీద ఆయన విగ్రహం ఉంది. బడిపిల్లలను తీసుకెళ్తే తప్పకుండా చూపించండి.

## దొరల కాలం

దీవి మైదానం దగ్గర గుర్రం మీద ఉన్న దొర ఎవరు? మనకేమైనా సంబంధం ఉందా?

ఆయన సర్ థామస్ మన్రో. మద్రాసు గవర్నరుగా 1820 నుంచి 1827 వరకు పనిచేశాడు. కానీ తెలుగువాళ్లకు ఆయన గవర్నరు కాకముందే తెలుసు. నిజాం కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు, అంటే నేటి రాయలసీమ, బళ్లారి ప్రాంతాలకు, 1800 నుంచి 1807 వరకు ఆయనే ప్రధాన కలెక్టరు. పాలెగాళ్లను అణచి, రైతు పేరు మీదనే నేరుగా శిస్తు కట్టే రైత్వారీ పద్ధతిని అక్కడ నాటాడు. ఆ పద్ధతి మేలు చేసిందా కీడు చేసిందా అన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకునే విషయమే. ఊళ్లు తిరిగి, తెలుగు నేర్చుకుని, రైతులతో మాట్లాడిన అధికారిగా మాత్రం ఆయన జ్ఞాపకం సీమలో నిలిచింది. పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్న కుటుంబాల గురించి పెద్దలు చెబుతారు. మంత్రాలయం రాఘవేంద్రస్వామి మఠం కథలో వినిపించే మన్రో కూడా ఈయనే.

చివరికి ఆయన ప్రాణం పోయిందీ తెలుగు నేల మీదే. 1827 జూలై 6న, ఇప్పటి కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర కలరాతో మరణించాడు. ముందు గుత్తిలో ఖననం చేసి, కొన్నేళ్ల తర్వాత అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు.

విగ్రహాన్ని చెక్కింది ఇంగ్లండు శిల్పి ఫ్రాన్సిస్ శాంట్రీ. 1839లో నిలబెట్టారు. దగ్గరగా చూస్తే గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మరిచిపోయాడని కొందరు, కావాలనే వదిలేశాడని కొందరు అంటారు.

రాజాజీ హాలు ఎందుకు అంత ప్రసిద్ధి?

గవర్నరు బంగళా ఆవరణలో విందులకోసం 1802లో కట్టిన భవనం ఇది. రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్ అప్పటి గవర్నరు. ప్లాసీ, శ్రీరంగపట్టణం విజయాలకు గుర్తుగా దీన్ని కట్టించాడు. నమూనా గీసినవాడు కంపెనీ ఖగోళ శాస్త్రవేత్త జాన్ గోల్డింగ్‌హామ్. గ్రీకు గుడిని తలపించే స్తంభాలు, వెడల్పాటి మెట్లు దీని అందం.

స్వాతంత్ర్యం తర్వాత రాజాజీ పేరు పెట్టారు. తమిళనాడు ప్రజలకు ఆ మెట్లు ఇప్పుడు దుఃఖపు జ్ఞాపకం. 1969లో అన్నాదురై, 1987లో ఎంజీఆర్, 2016లో జయలలిత, 2018లో కరుణానిధి... అందరి భౌతికకాయాలనూ ప్రజల కడసారి చూపు కోసం ఉంచింది అక్కడే.

స్పెన్సర్ దగ్గర ఒక విగ్రహం కోసం సత్యాగ్రహం జరిగిందట. ఎవరిది?

కర్నల్ నీల్‌ది. 1857 తిరుగుబాటు కాలంలో అలహాబాదు, కాన్పూరుల్లో అతను జరిపిన దారుణాలు చరిత్రకెక్కాయి. అటువంటివాడి విగ్రహాన్ని మౌంట్ రోడ్ నడిబొడ్డున నిలబెట్టారు. 1927లో దాన్ని తొలగించాలని యువకులు సత్యాగ్రహం చేసి జైళ్లకు వెళ్లారు. వెంటనే ఫలితం రాలేదు. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక విగ్రహాన్ని తీసి ఎగ్మూరు మ్యూజియానికి పంపారు. అదే రోడ్డు మొదట్లో మన్రో విగ్రహం ఇప్పటికీ నిలిచి ఉంది. దొరలందరినీ జనం ఒకే తీరున చూడలేదని చెప్పడానికి ఈ రెండు విగ్రహాల గతే సాక్ష్యం.

స్పెన్సర్ ప్లాజా పాత భవనమేనా?

కాదు. 1863లో చిన్న కొట్టుగా మొదలైన స్పెన్సర్ కంపెనీకి 1890లలో ఇండో–సారసెనిక్ శైలిలో ఎర్రటి భారీ భవనం కట్టారు. ఆసియాలోని పెద్ద దుకాణాల్లో ఒకటిగా దానికి పేరు. 1980ల ఆరంభంలో అగ్నిప్రమాదంలో అది నాశనమైంది. ఇప్పుడున్న వాణిజ్య సముదాయం ఆ స్థలంలో తర్వాత వచ్చింది.

హిగ్గిన్‌బాథమ్స్ నిజంగా దేశంలో అతి పాత పుస్తకాల షాపా?

ఇంకా నడుస్తున్నవాటిలో అతి పాతదని పేరు. 1844లో మొదలైంది. ఇప్పుడున్న తెల్లటి భవనం 1904 నాటిది. రోడ్డు మీది పాత కట్టడాల్లో నేటికీ అదే పనికి వాడుతున్నవి తక్కువ, కాబట్టి పుస్తకం కొనే ఉద్దేశం లేకపోయినా లోపలికి వెళ్లి పైకప్పు ఎత్తు చూసి రండి.

థౌజండ్ లైట్స్ అని పేరెలా వచ్చింది?

ఆర్కాటు నవాబు వంశీకులు మొహర్రం సమావేశాల కోసం పంతొమ్మిదో శతాబ్దం ఆరంభంలో ఇక్కడ ఒక హాలు కట్టించారు. దాన్ని వెలిగించడానికి వెయ్యి నూనె దీపాలు పెట్టేవారట. ఇప్పుడున్న మసీదు ఆ స్థలంలో తర్వాత కట్టినదే.

మౌంట్ రోడ్ మీద కార్ల కంపెనీలు అన్ని ఎందుకు?

గుర్రబ్బండ్ల కాలం నుంచీ వాహనాల వ్యాపారం ఇక్కడే ఉంది. 1840లో మొదలైన సింప్సన్ కంపెనీ దొరలకూ జమీందార్లకూ కోచ్‌లు తయారుచేసేది. 1903లో అదే కంపెనీలో శామ్యూల్ జాన్ గ్రీన్ ఆవిరి కారు తయారుచేశాడు. బండ్లు చేసినవాళ్లే మోటారు బాడీలు కట్టడం, ఆపైన విడిభాగాలు అమ్మడం మొదలుపెట్టారు. పక్కనే ఉన్న జనరల్ ప్యాటర్స్ రోడ్ స్పేర్ పార్టులకు, పుదుపేట పాత బండ్ల భాగాలకు పేరు పొందాయి.

## తెలుగువాళ్ల మౌంట్ రోడ్

ఇక్కడ తొలి సినిమా హాలు కట్టింది తెలుగువాడేనా?

కాస్త విడదీసి చెప్పాలి. ఈ రోడ్డు మీద సినిమా కోసమే కట్టిన మొదటి హాలు ఎలక్ట్రిక్ థియేటర్, 1913 నాటిది. దాని యజమాని వార్విక్ మేజర్ అనే ఆంగ్లేయుడు. కొద్దికాలానికే అది తపాలా శాఖ చేతికి వెళ్లింది. ఆ చిన్న భవనం అన్నా రోడ్ పోస్టాఫీసు ఆవరణలో స్టాంపుల బ్యూరోగా ఇప్పటికీ ఉంది.

భారతీయుడి సొంత హాలు విషయానికొస్తే ఆ ఘనత మన రఘుపతి వెంకయ్య నాయుడిదే. మచిలీపట్నంలో పుట్టి, మౌంట్ రోడ్‌లో ఫొటో స్టూడియో నడిపిన వెంకయ్య, 1910లో బొమ్మకు శబ్దం జోడించే క్రోనోమెగాఫోన్ యంత్రం తెప్పించి ఊరూరా ప్రదర్శనలిచ్చాడు. 1914లో మౌంట్ రోడ్‌కు ఆనుకుని బ్లాకర్స్ రోడ్‌లో గెయిటీ థియేటర్ కట్టాడు. ఆపైన మింట్ వీధిలో క్రౌన్, పురసవాకంలో గ్లోబ్ వచ్చాయి. తెలుగు సినిమా పితామహుడని ఆయన్ని పిలవడం, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో ఆయన పేరిట పురస్కారం నెలకొల్పడం మనకు తెలిసినవే. ఇంత చేసినవాడికి ఈ రోడ్డు మీద గుర్తుగా ఏదైనా ఉండాల్సింది. గెయిటీ కూడా ఇప్పుడు లేదు.

జెమినీ స్టూడియో ఎక్కడుండేది? ఇప్పుడేముంది?

మౌంట్ రోడ్, నుంగంబాకం హై రోడ్, కెథడ్రల్ రోడ్ కలిసే కూడలిలో. 1940లో ఎస్.ఎస్. వాసన్ అంతకు ముందున్న స్టూడియోను కొని జెమినీ అని పేరు పెట్టారు. ఆ తొలి రోజుల్లోనే, 1942లో, తెలుగు 'బాలనాగమ్మ' ఇక్కడ తయారైంది. కాంచనమాల పేరు ఇంటింటా మారుమోగింది ఆ బొమ్మతోనే. 1970లలో స్టూడియో మూతపడింది. ఆ స్థలంలో హోటలు, వాణిజ్య భవనాలు వచ్చాయి.

కూడలిలో 1973లో కట్టిన వంతెన నగరంలోని మొదటి ఫ్లైఓవర్. అధికారిక నామం అన్నా ఫ్లైఓవర్. కానీ స్టూడియో పోయి యాభై ఏళ్లు కావస్తున్నా జనం నోట అది జెమినీ ఫ్లైఓవరే. దాని పక్కన గుర్రాన్ని అదుపు చేస్తున్న మనిషి శిల్పం, గుర్రప్పందేలను నిషేధిస్తూ 1974లో తీసుకున్న నిర్ణయానికి గుర్తు.

వాహిని, ఏవీఎం కూడా ఈ రోడ్డు మీదేనా?

కాదు. అవి వడపళని వైపు. సినిమావాళ్ల ఇళ్లు, కంపెనీ ఆఫీసులు ఎక్కువగా టి.నగర్, కోడంబాకం ప్రాంతాల్లో ఉండేవి.

పొట్టి శ్రీరాములు అంతిమయాత్ర ఈ రోడ్డు మీదుగానే సాగిందా?

అవును. ఆంధ్ర రాష్ట్రం కోసం ఆయన 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టింది రాయపేట హై రోడ్‌లోని బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో. డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. మరునాడు సాగిన ఊరేగింపు మౌంట్ రోడ్ చేరేసరికి వేలమంది వచ్చి కలిశారు. ఆయన త్యాగాన్ని కీర్తిస్తూ నినాదాలు మిన్నంటాయి. నాలుగు రోజులకే, డిసెంబరు 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ప్రకటన చేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది. మద్రాసు మనకు దక్కలేదు.

ఆయన కన్నుమూసిన ఇల్లు, రాయపేట హై రోడ్ 126 నంబరు, స్మారక భవనంగా ఉంది. మౌంట్ రోడ్ చూడటానికి వచ్చిన తెలుగువాళ్లు అక్కడికీ వెళ్లాలని నా విన్నపం. స్పెన్సర్ దగ్గర గడిపే సమయంలో సగం చాలు.

తెలుగు పత్రికలు ఇక్కడి నుంచి వచ్చేవా?

ఆంధ్రప్రభ 1938 ఆగస్టు 15న మద్రాసులోనే పుట్టింది. మౌంట్ రోడ్ పక్కన ఉన్న ఎక్స్‌ప్రెస్ ఎస్టేట్ చాలా ఏళ్లు దాని చిరునామా. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకీయాల కోసం ఆంధ్ర దేశమంతా ఎదురుచూసిన రోజులవి. ఆ ఎస్టేట్ స్థలంలో ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ అవెన్యూ మాల్ ఉంది. ఇంగ్లిషులో వచ్చే హిందూ పత్రిక 1883 నుంచీ ఈ రోడ్డు మీదే. అందుకే దానికి 'మౌంట్ రోడ్ మహావిష్ణు' అని ముద్దుపేరు. నేటి కస్తూరి బిల్డింగ్స్‌లోకి మారింది 1939లో.

పాండీ బజార్, పానగల్ పార్కు మౌంట్ రోడ్ నుంచి ఎంత దూరం?

తేనాంపేట దగ్గర మౌంట్ రోడ్ నుంచి త్యాగరాయ రోడ్ కుడివైపు తిరుగుతుంది. పాండీ బజార్ అంటే ఆ రోడ్డే. చివర పానగల్ పార్కు. రెండు పేర్లూ తెలుగు మూలాలున్న జస్టిస్ పార్టీ నాయకులవే: ఒకరు పిట్టి త్యాగరాయ చెట్టి, ఇంకొకరు మద్రాసు ప్రధానమంత్రిగా పనిచేసిన పానగల్ రాజా పానగంటి రామరాయణింగారు. సైదాపేటలో పానగల్ మాళిగై అనే ప్రభుత్వ భవనమూ ఆయన పేరు మీదిదే. నందనం దగ్గర తిరిగే వెంకటనారాయణ రోడ్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం సమాచార కేంద్రం ఉంది.

## స్వాతంత్ర్యం తర్వాత

ఎల్‌ఐసీ బిల్డింగ్ పద్నాలుగు అంతస్తులా, పదిహేనా?

కింది అంతస్తును కలిపితే పదిహేను, వదిలేస్తే పద్నాలుగు. వాదన అక్కడే పుడుతుంది. ఎత్తు సుమారు 54 మీటర్లు.

దీన్ని తలపెట్టింది ఎల్‌ఐసీ కాదు. ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు స్థాపకుడు, యునైటెడ్ ఇండియా బీమా కంపెనీ అధిపతి ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియార్. 1953లో పని మొదలైంది. మరుసటి ఏడాదే ఆయన సింగపూరులో విమాన ప్రమాదంలో మరణించారు. 1956లో జీవిత బీమా జాతీయమై, సగంలో ఉన్న భవనం కొత్తగా ఏర్పడిన ఎల్‌ఐసీకి వచ్చింది. 1959 ఆగస్టులో అప్పటి ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ ప్రారంభించారు. అప్పుడది దేశంలోకెల్లా ఎత్తైన భవనం. 1961 దాకా ఆ పేరు నిలిచింది. మద్రాసుకు వచ్చిన తెలుగు ఊళ్ల జనం తలెత్తి అంతస్తులు లెక్కపెట్టుకున్న కాలం అది. సినిమాల్లో మద్రాసు అని చూపించాలంటే సెంట్రల్ స్టేషన్ తర్వాత ఈ భవనమే. 1975లో పెద్ద అగ్నిప్రమాదం జరిగినా నిలదొక్కుకుంది.

అన్నా సాలై అని పేరు ఎప్పుడు మారింది?

ద్రవిడ మున్నేట్ర కళగం స్థాపకుడు సి.ఎన్. అన్నాదురై 1967లో ముఖ్యమంత్రి అయ్యారు. 1969 ఫిబ్రవరి 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆ తర్వాత రోడ్డుకు ఆయన పేరు వచ్చింది. వాలాజా రోడ్ కలిసే చోట చూపుడువేలు ఎత్తి నిలబడిన ఆయన విగ్రహం మాత్రం అంతకంటే ముందుది. 1968లో ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా, ఆయన బతికుండగానే పెట్టారు. పాతతరం ఆ కూడలిని రౌండ్ ఠాణా అనేవారు.

పాత సినిమా హాళ్లు ఏమయ్యాయి?

ఎక్కువగా పోయాయి. 1961లో శాంతి, 1962లో ఆనంద్, 1964లో సఫైర్, 1970లో దేవి వచ్చాయి. ఒకే కప్పు కింద సఫైర్, బ్లూ డైమండ్, ఎమరాల్డ్ అని మూడు తెరలతో కట్టిన సఫైర్ సముదాయం దేశంలో ఆ తరహాలో మొదటిది. 1990లలో దాన్ని కూల్చేశారు. శివాజీ గణేశన్ కుటుంబానికి చెందిన శాంతి 2016లో మూతపడింది. దేవి మిగిలింది.

పాత కట్టడాలను కాపాడే చట్టమేదీ లేదా? అన్నీ కూలిపోతున్నాయి కదా?

కోర్టు తలుపు తట్టినప్పుడు కొన్ని నిలిచాయి. 1897లో డబ్ల్యు.ఇ. స్మిత్ మందుల దుకాణం కోసం కట్టిన భారత్ ఇన్సూరెన్స్ భవనాన్ని 2006లో కూల్చడం మొదలుపెట్టారు. వారసత్వ కట్టడాల సంస్థ ఇంటాక్ హైకోర్టుకు వెళ్లి ఆపించింది. పాత గవర్నమెంట్ హౌస్‌కు ఆ అదృష్టం దక్కలేదు. కొత్త శాసనసభ కోసం దాన్ని పడగొట్టారు. 2010 మార్చిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించిన ఆ కొత్త భవనం, ప్రభుత్వం మారాక 2014లో మల్టీ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి అయింది. బయటివాళ్లు "అసెంబ్లీ ఎక్కడ" అని ఇక్కడ వెతుకుతుంటారు. అసెంబ్లీ కోటలోనే ఉంది.

చికెన్ 65 ఇక్కడే పుట్టిందా?

మౌంట్ రోడ్‌లో 1951లో మొదలైన బుహారీ హోటలు ఆ మాట చెబుతుంది. 1965లో తమ పట్టీలో చేర్చిన వంటకం కాబట్టి ఆ అంకె అని వాళ్ల వివరణ.

## ఇప్పుడు వెళ్లేవాళ్లకు

మెట్రో ఎప్పుడొచ్చింది? దానివల్ల రోడ్డు మారిందా?

విమానాశ్రయం నుంచి లిటిల్ మౌంట్ (చిన్నమలై) దాకా 2016లో, అక్కడి నుంచి ఏజీ–డీఎంఎస్ దాకా 2018 మేలో, మిగతా భాగం 2019 ఫిబ్రవరిలో తెరిచారు. తవ్వకాలు జరిగినన్నాళ్లు మౌంట్ రోడ్ మీద చాలా చోట్ల వన్‌వేలు పెట్టారు. దుకాణాల ముందు రేకులు అడ్డుగా నిలిచి వ్యాపారాలు దెబ్బతిన్నాయి. ఇప్పుడు రైలు సైదాపేట దాకా నేల కింద నడిచి, లిటిల్ మౌంట్‌కు వచ్చేసరికి స్తంభాల మీదికి ఎక్కుతుంది.

నడిచి చూడాలంటే ఏ భాగం మంచిది?

గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్ దగ్గర దిగి స్పెన్సర్ దాకా నడవండి. రాజాజీ హాలు, అన్నా విగ్రహం, పాత పోస్టాఫీసు, హిగ్గిన్‌బాథమ్స్, ఎల్‌ఐసీ అన్నీ ఈ ముక్కలోనే వస్తాయి. మన్రో విగ్రహం వాహనాల సుడిలో ఉంటుంది కాబట్టి పిల్లలతో రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త. తేనాంపేట తర్వాత నడకకు పెద్దగా ఏమీ లేదు; మెట్రో ఎక్కి నేరుగా లిటిల్ మౌంట్‌లో దిగడం మేలు.

కత్తిపారా దగ్గర దారి తప్పుతున్నాం. ఎలా గుర్తుపట్టాలి?

2008లో తెరిచిన ఈ కూడలి నాలుగు రేకుల క్లోవర్ ఆకు ఆకారంలో మెలికలు తిరిగి ఉంటుంది. సొంత కారులో వెళ్తే గిండీ దాటకముందే మీకు కావలసిన దిక్కు తేల్చుకోవాలి. విమానాశ్రయం, తాంబరం వైపైతే జీఎస్టీ రోడ్. కోయంబేడు బస్టాండు వైపైతే నూరడుగుల రోడ్డు, అంటే ఇన్నర్ రింగ్ రోడ్. పోరూరు, పూనమల్లి వైపైతే మౌంట్–పూనమల్లి రోడ్. తప్పు మెలిక ఎక్కితే వెనక్కి రావడానికి చాలా దూరం చుట్టాల్సి వస్తుంది.

తేనాంపేట, సైదాపేట మధ్య ఏదో వంతెన కడుతున్నారట?

అవును. 3.2 కిలోమీటర్ల ఎత్తు రోడ్డుకు 2024 జనవరిలో శంకుస్థాపన జరిగింది. మెట్రో సొరంగం ఉన్న నేల మీదే స్తంభాలు వేయాలి కాబట్టి పని సున్నితమైనది. ఆ వైపు విమానం కోసం వెళ్తుంటే కాస్త ముందుగా బయల్దేరండి, లేదా మెట్రో ఎక్కండి.